నూట పదమూడు నుంచి నూట ఇరవై ఎనిమిది దాకా

ఇందుమూలంగా పాఠక మహాశయులకు తెలియజేయడమేమంటే, ‘గడప మీద ఉత్తరం’ అనే నవల ఆవిష్కరణ సభ ఒక ఆదివారం సాయంత్రం నిర్విఘ్నంగా ముగిసింది. తొక్కిసలాట జరగలేదు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. నవలను ఎవరూ తెరవలేదు.

వేదిక మీద ఐదుగురు పెద్దలు కూర్చున్నారు. ఐదుగురూ నవల గురించే మాట్లాడారన్నది గమనించవలసిన విషయం. మామూలుగా ఇద్దరైనా తమ చిన్నతనం గురించి మాట్లాడతారు. అధ్యక్షులవారు పుస్తకాన్ని రెండు చేతులా ఎత్తి ఫొటోలకు చూపించినప్పుడు, దాని మీది పలచటి ప్లాస్టిక్ తొడుగు లైట్ల వెలుగులో తళతళా మెరిసింది. సభ ముగిసేదాకా ఆ తొడుగు అలాగే ఉంది. పుస్తకానికి దుమ్ము తగలకూడదని ఆయన పట్టుదల. ఆ పట్టుదల వల్లనే వారి ఇంట్లోని రెండు వేల పుస్తకాలూ ఇవాళ్టికీ అచ్చాఫీసు వాసన వేస్తున్నాయి. ఆ ఊళ్లో ఏ పుస్తకం వెలువడినా సభకు ఆయనే అధ్యక్షుడు. ఆయన రాకపోతే పుస్తకం రానట్టే లెక్క.

“ఈ నవల మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు,” అని ఆయన సెలవిచ్చారు. “ముఖ్యంగా మధ్య భాగం. ఆ మధ్య భాగం గురించి నేను ఒక్క మాట కూడా చెప్పను. అది ఎవరికి వారు చదివి తెలుసుకోవలసిందే.”

చప్పట్లు మోగాయి. వేదిక మీద చివరి కుర్చీలో ముడుచుకుని కూర్చున్న నవలాకారుడి కళ్లు చెమర్చాయి. ఆ మధ్య భాగం కోసమే అతను ఐదేళ్లు కూర్చుని ఆ నవల రాశాడు.

నవలాకారుడు జనన మరణాల నమోదు కార్యాలయంలో గుమస్తా. పుట్టినవాళ్లనూ పోయినవాళ్లనూ ఒకే చేతిరాతతో రాస్తాడు. వాళ్ల ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాళ్లలో అతనే మొదటివాడు కావడంతో, అక్షరమంటే చిన్నప్పుడున్న భయమూ భక్తీ ఇప్పటికీ తగ్గలేదు. రాసే విషయంలో అతనికి మూడు నియమాలున్నాయి. మొదటిది, ఆఫీసుకు బయల్దేరేలోగా రోజూ ఒక పేజీ రాయాలి, బస్సు తప్పినా సరే. రెండోది, రాసింది భార్యకు చదివి వినిపించాలి, ఆవిడకు తీరిక ఉన్నా లేకపోయినా సరే. ఈ నియమం పుణ్యమా అని ఆవిడ ఆ నవలను మూడుసార్లు పూర్తిగా విన్నది. ఒకసారి బట్టలు ఆరేస్తూ, ఒకసారి జ్వరంతో పడుకుని, ఒకసారి నిద్రపోతూ. “నిద్రలో విన్నప్పుడే బాగా అర్థమైందండీ,” అని ఆవిడ అన్నమాటను అతను ప్రశంసగానే తీసుకున్నాడు.

అతని దగ్గర ఒక చిన్న నోటుపుస్తకం కూడా ఉంది. రోజువారీ బతుకు మీద, చదవడం మీద, రాయడం మీద తనకు తోచిన ఆలోచనలు అందులో రాసుకుంటాడు. ఒకచోట ఇలా ఉంది: “మనుషులు చదవరనడం అబద్ధం. మా ఆఫీసులో కాగితం మీద తన పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే, కళ్లజోడు మరిచిపోయి వచ్చిన పెద్దాయన కూడా కిటికీ అవతల నుంచే పట్టుకుంటాడు. మందు సీసా మీద చీమల్లాంటి అక్షరాలను తల్లులు వెలుతురుకు పట్టి మరీ చదువుతారు. తన బతుకు దాని మీద ఆధారపడి ఉందనుకున్నదాన్ని మనిషి రెండుసార్లు చదువుతాడు. నవలను కూడా అలా చదివించాలి.” దాని కింద ఎర్ర సిరాతో గీత ఉంది. ఈ ఆలోచన ఎంత గొప్పదో, దానివల్ల ఎంత ప్రమాదమో ముందు ముందు తెలుస్తుంది.

సభ నుంచి ఇంటికి రాగానే అతను చొక్కా అయినా మార్చకుండా ప్లాస్టిక్ తొడుగు చించి, తిన్నగా నూట పదమూడో పేజీ తీశాడు. అక్కడ అతని ప్రాణం ఉంది. ఒక తల్లి. చదువు రాదు. ఎక్కడో దూరాన పనికి వెళ్లిన భర్త దగ్గర్నుంచి ఆవిడకు ఉత్తరం వస్తుంది. దాన్ని చదివించుకోవడానికి ఆరు గడపలు ఎక్కి దిగుతుంది. ఆరుగురూ ఆరు రకాలుగా చదువుతారు. ఒకాయన “అంతా క్షేమమే” అంటాడు. ఒకాయన రాత బాగాలేదంటాడు. నాలుగో ఇంటావిడ సగం చదివి, పొయ్యి మీద ఏదో మాడుతోందంటూ లోపలికి వెళ్లి మళ్లీ రాదు. చివరికి ఆ తల్లి ఇంటికి తిరిగి వచ్చి, మూడో తరగతి చదివే కొడుకు చేతిలో ఆ ఉత్తరం పెడుతుంది. ఇదంతా సరిగ్గా పదహారు పేజీలు. ఆ కొడుకు ఎవరో నవలాకారుడు ఎవరికీ చెప్పలేదు. ఆ తల్లి పోయి ఎనిమిదేళ్లయింది. భార్య అడగలేదు, అడగకుండానే ఆవిడకు తెలుసు.

నూట పన్నెండో పేజీ చివరి వాక్యం ఇది: “ఆమె వణికే చేతులతో కవరు చించింది. అందులో”.

నూట పదమూడో పేజీ మొదటి వాక్యం ఇది: “ఒక మోటారు, రెండు రబ్బరు వాషర్లు, నాలుగు బోల్టులు, ఒక ఫుట్‌వాల్వు ఉంటాయి. వీటిలో ఏది లేకపోయినా అమ్మినవారికి వెంటనే తెలియజేయవలెను.”

అతను కళ్లు నులుముకుని పేజీ తిప్పాడు. పంపు బొమ్మ ఉంది. బాణం గుర్తులు ఉన్నాయి. పంపును ఎలా బిగించాలి, నీరు ఎక్కకపోతే ఏం చేయాలి, గాలి లాగితే ఏం చేయాలి, అన్నీ వరసగా ఉన్నాయి. నూట ఇరవై ఎనిమిదో పేజీ “పై పద్ధతులన్నీ పాటించినా నీరు రాకపోతే” అని ఆగిపోయింది. నూట ఇరవై తొమ్మిదో పేజీ మళ్లీ నవలే. “పిల్లవాడు ఉత్తరం మడిచి, ‘నాన్న వస్తాడటమ్మా’ అన్నాడు.”

భార్య వెనకనుంచి తొంగి చూసి, రెండు చివరలూ చదివింది. “అతుకు మాత్రం తెలియట్లేదండీ,” అంది. అతని మొహం చూశాక మంచినీళ్లు తెచ్చిచ్చింది.

మర్నాడు అతను ఆఫీసుకు సెలవు పెట్టి ప్రచురణకర్త దగ్గరికి పరుగెత్తాడు. విచారణలో తేలినదేమంటే, పుస్తకాలు అచ్చేసేవాళ్లు పదహారు పేజీలకు ఒక కట్ట కడతారు. ఆ కట్టను ఫారం అంటారు. ప్రతి ఫారం కిందా దాని నంబరు ఉంటుంది. నవలా, ఒక పంపుల కంపెనీవాళ్ల వివరణ పుస్తకమూ ఒకే వారంలో ఒకే బైండరు దగ్గరికి వెళ్లాయి. బైండరు చాలా శ్రద్ధగల మనిషి. ఏడో ఫారం తర్వాత ఎనిమిదో ఫారం ఉందా లేదా అని ప్రతి పుస్తకంలోనూ స్వయంగా చూసుకున్నాడు. ఉంది. ఏ పుస్తకానిదన్నది ఆయన పని కాదు. ఆ విధంగా నవలలోని ఎనిమిదో ఫారం పంపుల పుస్తకంలోకీ, పంపులది నవలలోకీ సుఖంగా చేరుకున్నాయి. ఐదువందల కాపీల్లో ఒక్కటి కూడా తప్పిపోలేదు. బైండరు పనితనానికి ఇది నిదర్శనం.

ప్రచురణకర్త అంతా ఓపిగ్గా విని, “ఎవరైనా అడిగారా?” అన్నాడు.

పుస్తకం వచ్చి ఒక రోజే అయిందని నవలాకారుడు మనవి చేశాడు.

“అడిగితే చూద్దాం. ఒక్క పాఠకుడు, ఒకే ఒక్కడు వచ్చి, ఇదేంటండీ అని కాగితం మీద రాసిస్తే చాలు, మొత్తం విప్పించి మళ్లీ కుట్టిస్తా. నా మాట మాటే. ఎవరూ అడగలేదనుకోండి, తప్పేమీ జరగలేదన్నమాట.”

తానే రాసిస్తానని నవలాకారుడు జేబులోంచి కలం తీశాడు. రచయిత పాఠకుడి కిందకు రాడని ప్రచురణకర్త చెప్పాడు. పోనీ తన భార్య రాసిస్తుందన్నాడు. బంధువులు అసలే రారట. అలా అయితే ప్రతి రచయితకూ పాఠకులు ఉన్నట్టే అవుతుందట. ఈ నిబంధనలో న్యాయం ఉందని నవలాకారుడికే అనిపించింది. అతను స్వభావరీత్యా నిబంధనలను గౌరవించేవాడు.

ఆ రోజు నుంచి అతను ఒక ఫిర్యాదు కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాడు. లోకంలో రచయితలు పొగడ్తల కోసం ఎదురుచూస్తారు. అవి అతనికి కుప్పలు తెప్పలుగా వచ్చిపడుతున్నాయి. అతనికి కావలసింది ఒక్క తిట్టు.

మొదటి సమీక్ష ఏకబిగిన చదివిస్తుందంది. రెండోది ఎక్కడా బిగి సడలలేదంది. మూడో సమీక్ష మొదటి రెండు సమీక్షలతోనూ ఏకీభవించింది. ఆఫీసులో పై అధికారికి అతను సంతకం చేసి ఇచ్చిన కాపీ, ఆయన కంప్యూటరు తెర కింద ఎత్తుకు పెట్టి ఉంది. “నీ పుస్తకం వచ్చాక నా మెడనొప్పి పోయిందయ్యా,” అని ఆయన అందరి ముందూ మెచ్చుకున్నారు. బావమరిది ఫోన్ చేసి నవల అద్భుతమన్నాడు. ఏది నచ్చిందని నవలాకారుడు ఆశగా అడిగితే, “ఫలానాదని ఎలా చెప్తాం బావా, మొత్తంగా నచ్చింది,” అన్నాడు. అట్ట మీద రంగు మాత్రం కొంచెం ముదురైందట. అతను సూటిగా మాట్లాడే మనిషి.

గ్రంథాలయం నలభై కాపీలు తీసుకుందని తెలిసి నవలాకారుడికి ప్రాణం లేచివచ్చింది. గ్రంథాలయాల్లో ఒక ఆచారం ఉంది. పుస్తకం ఎవరైనా ఎత్తుకుపోయి మొదటి పేజీ చించేసినా గుర్తుపట్టడానికి, లోపల ఎవరికీ తెలియని ఒక పేజీలో కూడా ముద్ర వేస్తారు. ఆ గ్రంథాలయంలో ఆ రహస్య పేజీ నూట పదిహేను. అంటే గ్రంథపాలకుడు ఆ పేజీని నలభైసార్లు తెరిచి తీరాలి. తెరిచాడు కూడా. నలభై పంపు బొమ్మల మీద, సరిగ్గా నీళ్లు బయటికి వచ్చే గొట్టం దగ్గర, నలభై గుండ్రటి ముద్రలు వేశాడు. ఒక్కటీ అలుక్కుపోలేదు.

పుస్తక మిత్రుల సంఘంవారు నెలవారీ చర్చకు ఈ నవలనే ఎంచుకున్నారు. ఒక సభ్యురాలు లేచి, మధ్యలో కొంచెం సాగదీసినట్టుందని అన్నారు. నవలాకారుడు కుర్చీ అంచుకు జరిగాడు. మధ్యలో అంటే ఎక్కడండీ అని అడిగాడు. మధ్యలో అంటే మధ్యలోనేనని ఆవిడ అన్నారు. ఏ నవలైనా మధ్యలో సాగుతుందట. అంతలో ఒక సాహిత్యం లెక్చరరు లేచి, మధ్య భాగం జోలికి వస్తే తాను ఊరుకోనన్నాడు. ఆ తల్లి ఉత్తరం పట్టుకుని గడప గడపకూ తిరిగే పదహారు పేజీలూ చదివి తాను వెక్కి వెక్కి ఏడ్చానన్నాడు. చెబుతూ ఉండగానే మళ్లీ ఏడుపొచ్చింది. పక్కవాళ్లు మంచినీళ్లిచ్చారు. పుస్తకంలో లేని పేజీలు చదివి ఏడ్చిన ఆ మనిషిని నవలాకారుడు నోరు తెరుచుకుని చూశాడు. వెనక అట్ట మీద కథాసారాంశం నాలుగు వాక్యాల్లో ఉన్న సంగతి అతనికి ఇంటికి వెళ్లాక గుర్తొచ్చింది.

ఆ అధ్యాయం అసలు ఉందా, లేక తాను రాశానని అనుకుంటున్నాడా అని అతనికే అనుమానం మొదలైంది. “ఉంది,” అంది భార్య, కూర తరుగుతూ. “బట్టలు ఆరేస్తుంటే విన్నాను. నాలుగో ఇంటావిడ పొయ్యి సాకు చెప్పి లోపలికి పోతుంది. ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపమే.” ఆ సాయంత్రం అతను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఆరు వారాలు గడిచాయి. ఫిర్యాదు రాలేదు. దాని బదులు పురస్కారం వచ్చింది.

ఆ సంవత్సరపు ఉత్తమ నవల పురస్కార సభకు ఎవరు అధ్యక్షత వహించారో చెప్పనవసరం లేదు. నవలాకారుడు నిజాయితీపరుడు. చేయని పనికి సన్మానం పుచ్చుకోవడం అతని మనసుకు పట్టలేదు. స్పందించమని మైకు ఇచ్చినప్పుడు లేచి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. నూట పదమూడు నుంచి నూట ఇరవై ఎనిమిది దాకా ఉన్నది తన నవల కాదనీ, అది నీళ్ల పంపు బిగించే విధానమనీ, దయచేసి ఎవరైనా ఒక్క కాగితం మీద ఆ సంగతి రాసి సంతకం పెట్టాలనీ చేతులు జోడించాడు.

ముందు వరసలో ఒకరిద్దరు చేతిలోని పుస్తకాలకు తొడుగు చించిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. అధ్యక్షులవారు పక్కవాడి కాపీ అందుకుని, నూట పదమూడో పేజీ తీసి, అర నిమిషం చూశారు. ఒక పుస్తకంతో ఆయన గడిపిన అతి దీర్ఘమైన సమయం అదేనని తెలిసినవాళ్లు అంటారు. తర్వాత లేచి మైకు సవరించుకున్నారు.

“మిత్రులు ఎంత వినయంగా చెప్పారో చూడండి. పంపు పుస్తకమట. మనం గమనించలేదనుకున్నారు. ఆవిష్కరణ నాడే నేనేమన్నాను? మధ్య భాగం గురించి ఒక్క మాట కూడా చెప్పనన్నాను. ఎందుకన్నాను? ఇందుకే అన్నాను. కవరు చించిన ఆ తల్లికి లోపల ఏం దొరికింది? మోటారు. మోటారంటే ఏమిటి? గుండె. రెండు వాషర్లు ఏమిటి? ఎండిపోయిన రెండు కళ్లు. నాలుగు బోల్టులు ఏమిటి?”

ఇక్కడ ఆయన ఆగారు. నాలుగు బోల్టులు ఏమిటో ఆయనకు ఆ క్షణాన తోచలేదు.

“నాలుగు బోల్టులు ఏమిటో రచయిత చెప్పరు. నేనూ చెప్పను. అదీ శిల్పం.”

హాలు దద్దరిల్లింది. అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నిజం చెప్పి ఇంత ఘనంగా ఓడిపోయినవాడు ఆ హాల్లో అంతకుముందు ఎవరూ లేరు.

ఆ తర్వాత జరిగినవన్నీ పత్రికల్లో వచ్చినవే కనుక క్లుప్తంగా చెప్పుకుందాం. ఒక పరిశోధక విద్యార్థిని ‘ఫుట్‌వాల్వు: మాతృత్వానికి ప్రతీక’ అనే అంశం మీద నమోదు చేసుకుంది. ఒక యువకవి తన కవితా సంపుటి మధ్యలో మిక్సీ వారంటీ కార్డు కలిపి కుట్టించాడు. అనుకరణ అంటూ విమర్శకులు దాన్ని చీల్చిచెండాడారు. సాహిత్యం లెక్చరరు, తాను ఆనాడు ఏడ్చింది నీరు ఎక్కని ఆ పంపు కోసమేనని ఒక వ్యాసంలో వివరణ ఇచ్చాడు. ప్రచురణకర్త నవలాకారుడి భుజం మీద చెయ్యి వేసి, ఇక దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదనీ, వచ్చే నవలలో ఫ్రిజ్ ఉంటే బాగుంటుందనీ చెప్పాడు.

నవలాకారుడు పొద్దున్నే పేజీ రాయడం మానేశాడు. ఇప్పుడు ఒక్క బస్సు కూడా తప్పడం లేదు.

అలాంటి ఒక సోమవారం, ఆఫీసులో కిటికీ ముందు వరస చాంతాడంత ఉన్నప్పుడు, ఒక తడి చెయ్యి లోపలికి వచ్చి బల్ల మీద ఒక పుస్తకం పెట్టింది. అతను తల ఎత్తకుండా అలవాటు ప్రకారం అడిగాడు.

“పుట్టారా, పోయారా?”

“పోయింది. పంపు.”

అతను తల ఎత్తాడు. యాభై ఏళ్ల మనిషి. కొంగు నడుముకు బిగించి ఉంది. వేళ్లు నీళ్లలో నాని ముడతలు పడ్డాయి. బల్ల మీదున్నది పంపుల కంపెనీ పుస్తకం.

“ఈ ‘గడప మీద ఉత్తరం’ అన్నది రాసింది మీరేనా బాబూ? మధ్య పేజీల నెత్తి మీద ఆ పేరుంది. పుస్తకాల కొట్టాయన్ని అడిగితే ఇక్కడ కూచుంటారన్నాడు.”

ఆవిడకు రెండు వీధుల అవతల లాండ్రీ ఉంది. కొత్త పంపు నీళ్లు లాగడం లేదని పుస్తకం తెరిచింది. “పంపు పెట్టె తెరవగానే లోపల” అని నూట పన్నెండో పేజీ ముగిసింది. పక్క పేజీలో “ఒకే ఒక్క కాగితం ఉంది” అని ఉంది. ఆవిడ పెట్టె అంతా వెతికింది. కాగితం లేదు. అట్టపెట్టె పాత సామాన్లవాడికి వేసేశారని తెలిసి, వాడి దగ్గరికి వెళ్లి వెనక్కి తెచ్చి మళ్లీ వెతికింది. లేదు. సరే, ముందు ఏముందో చూద్దామని నిలబడి చదవడం మొదలుపెట్టింది. ఆగలేకపోయింది. పంపు ఖాళీగా తిరుగుతూనే ఉంది. నాలుగో ఇంటికి వచ్చేసరికి మాడువాసన ముక్కుకు తగిలింది. అది ఆ ఇంటావిడ పొయ్యి మీదిదే అనుకుంది. మాడింది పంపులో వాషరని పదహారు పేజీలూ అయ్యాకే తెలిసింది.

మర్నాడు ఇస్త్రీవాళ్లకు చదివి వినిపించింది. మూడో ఇంటి దగ్గర ఒకతను ఇస్త్రీపెట్టె ఎత్తడం మరిచిపోయి, ఎవరిదో తెల్లచొక్కా వీపు మీద పెట్టె ఆకారం దించాడు. చొక్కా తాలూకు ఆయన గొడవకు వచ్చి, కూర్చుని, చివరిదాకా విని వెళ్లాడు. ఇప్పుడు రోజూ వస్తున్నాడు.

“చివర్న పిల్లాడు కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాడు అని ఉంది. పేజీ తిప్పితే, ‘స్విచ్చి ఆపి మెకానిక్కును పిలవవలెను’ అని ఉంది. మెకానిక్కునెందుకు పిలుస్తాడు బాబూ మూడో తరగతి పిల్లాడు? మా కొట్లో రెండు పార్టీలైపోయాయి. ఉన్నదున్నట్టు చదివాడని కొందరు, లేదని కొందరు. ఏదో ఒకటి చెప్పండి, పని సాగట్లేదు.”

వరసలో నిలబడ్డవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. నవలాకారుడు సొరుగులోంచి తన కాపీ తీసి, నూట ఇరవై తొమ్మిదో పేజీ తెరిచి, జనన ధ్రువపత్రం చదివినట్టు నిదానంగా చదివాడు. “పిల్లవాడు ఉత్తరం మడిచి, ‘నాన్న వస్తాడటమ్మా’ అన్నాడు. తల్లి వాడి తల నిమిరి, ‘బాగా చదివావురా’ అంది.”

“వాళ్లాయన రాడు కదూ,” అంది ఆవిడ.

“రాడు.”

“పిల్లాడు అబద్ధం చదివాడు.”

“అవునమ్మా. తల్లి ఏడవకూడదని. ఆవిడకి చివరిదాకా తెలియలేదు.”

“తెలియలేదని ఎవరు చెప్పారు మీకు?” అంది ఆవిడ. “మీరే కదా రాశారు, ఆరిళ్లు తిరిగిందని. మొదటింట్లోనే తెలిసుంటుంది. మా అమ్మకీ చదువు రాదు. మేం ఏది చదివినా కాగితం వంక చూసేది కాదు, మా మొహాల్లోకే చూసేది. ఏదీ దాచలేకపోయేవాళ్లం.”

“మరి తెలిస్తే మిగతా ఇళ్లకి ఎందుకు తిరిగింది?” అని నవలాకారుడు అడిగాడు. తన నవల గురించి తాను ఒకరిని నిజంగా ప్రశ్న అడగడం అతనికి అదే మొదటిసారి.

“ఒక్కళ్లయినా ఉన్నదున్నట్టు చదువుతారేమోనని. ఎవరూ చదవలేదు. ఆఖరికి పిల్లాడు కూడా తన కోసమే అబద్ధమాడాడని తెలిసి, బాగా చదివావురా అంది. అంతేగా మీరు రాసింది?”

అతను రాసింది అంతే. ఆ మాట అతని తల్లి నిజంగా అన్నమాట. నలభై ఏళ్లు మోసి, ఐదేళ్లు కూర్చుని రాసి, మూడుసార్లు భార్యకు చదివి వినిపించాడు గాని, దాన్ని అతను చదవలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. వెనకాల నుంచి ఒకాయన, తమ తాతగారు పోయి నాలుగు రోజులైందనీ, ఈ లెక్కన కాగితం చేతికొచ్చేసరికి సంవత్సరీకం వస్తుందనీ గుర్తుచేశాడు.

మధ్యాహ్నం విరామంలో ఇద్దరూ ప్రచురణకర్త దగ్గరికి వెళ్లారు. ఆవిడ నిలబడే ఫిర్యాదు రాసిచ్చింది. నాలుగు వాక్యాలు, గుండ్రటి అక్షరాలు, కింద సంతకం. బంధువు కాదు. రచయిత కాదు. ప్రచురణకర్త దాన్ని శ్రద్ధగా చదివాడు. ఆ ఏడాది ఆయన చివరిదాకా చదివిన రచన అదొక్కటే. తర్వాత, పురస్కారం వచ్చిన నాటి నుంచి ఇది లోపం కిందకు రాదనీ, గుణం కిందకు వస్తుందనీ, గుణాల మీద ఫిర్యాదులు తీసుకోరనీ, పైగా ఆమె కొన్నది పంపే గాని నవల కాదనీ మర్యాదగా తిప్పి ఇచ్చేశాడు.

మెట్లు దిగుతూ ఆవిడ, “సూదీ దారం నా దగ్గరున్నాయి. మీ పుస్తకం ఇలా ఇవ్వండి,” అంది.

మర్నాడు మధ్యాహ్నం లాండ్రీలో, తడిబట్టల వాసన మధ్య, రెండు పుస్తకాలూ విప్పారు. ముందు పని ముందు. నవలలోకి చేరిన పంపు పేజీలు పదహారూ పట్టుకుని నవలాకారుడు నిలబడి గట్టిగా చదివాడు. ఆవిడ చేసుకుపోయింది. “ఫుట్‌వాల్వు విప్పి శుభ్రముగా కడగవలెను.” కడిగింది. “పాడైన వాషరు స్థానమున రెండవ వాషరు వేయవలెను.” వేసింది. “పైనుండి నీరు పోసి గాలి పూర్తిగా పోవునట్లు చూడవలెను.” చూసింది. అంత ఏకాగ్రతతో తన మాట విన్న శ్రోతలను అతను ఏ సభలోనూ ఎరగడు. నూట ఇరవై నాలుగో పేజీ రెండో పేరా దగ్గర పంపు రెండుసార్లు దగ్గి, నీళ్లు కక్కింది. ఇస్త్రీవాళ్లు ఈల వేశారు. తెల్లచొక్కా ఆయన చప్పట్లు కొట్టాడు. ఆ నవల వల్ల లోకానికి కలిగిన మొదటి ప్రయోజనంగా దీన్ని నమోదు చేయవచ్చు.

తర్వాత ఆవిడ బొత్తాలు కుట్టే నల్లదారంతో, ఎవరి పేజీలు వాళ్లవి పెట్టి, రెండు పుస్తకాలూ కుట్టేసింది. కుట్లు కొంచెం వంకర. ఆ విధంగా ‘గడప మీద ఉత్తరం’ పూర్తి ప్రతి లోకంలో ఒకే ఒక్కటి తయారైంది. నవలాకారుడు దాన్ని ఎంతో ఉత్సాహంగా గ్రంథాలయానికి బహూకరించబోతే, గ్రంథపాలకుడు మిగతా నలభైతో పోల్చి చూసి, ఇందులో పేజీలు తప్పుగా ఉన్నాయని వెనక్కి ఇచ్చేశాడు. అధ్యక్షులవారు సంగతి విని, ఒక మహత్తర ప్రయోగాన్ని అక్షరజ్ఞానం అంతంతమాత్రంగా ఉన్నవాళ్లు పాడుచేశారని ఒక సంతాప ప్రకటన చేశారు.

నవలాకారుడు దానికి బాధపడలేదు. ఆ ప్రతి ఇప్పుడు లాండ్రీలోనే, సబ్బు పొడి డబ్బా పక్కన ఉంటోంది. ఆవిడ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. రోజుకొక పేజీ చదివి, సాయంత్రం బస్సు దిగే వేళకు అతణ్ని ఆపి నిలదీస్తోంది. నలభై ఒకటో పేజీలో పక్కింటావిడ చీర పచ్చదట, నలభై ఆరులో నీలం అయిందట. అన్ని తప్పులు వరసగా వింటూ అతను సంతోషంతో ఉక్కిరిబిక్కిరి అవుతున్నాడు. పొద్దున్నే మళ్లీ ఒక పేజీ రాస్తున్నాడు. బస్సు తప్పుతోంది.

చివరగా పాఠకులకు ఒక మనవి. నవలాకారుడికి మూడు నియమాలున్నాయని ఈ కథ మొదట్లో చెప్పాం. రెండు చెప్పి ఊరుకున్నాం. మూడోది ఏమైందని ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ అందలేదు కనుక, తప్పేమీ జరగలేదని భావిస్తున్నాం. తాము అప్పుడే గమనించామనీ, కావాలనే ఊరుకున్నామనీ అంటున్న పెద్దలందరినీ రాబోయే ఆవిష్కరణ సభకు అధ్యక్షత వహించవలసిందిగా సాదరంగా ఆహ్వానిస్తున్నాం.